గేరుబాక్సుకి సిగ్గెక్కువ

మా బాబాయి కార్ల మెకానిక్కు. ఆ ముక్క అలా అంటే ఆయనకి రుచించదు. టైర్లకి గాలి కొట్టడు, దీపాలు మార్చడు, హారన్లు బాగుచెయ్యడు. గేర్లు వాటంతట అవే మారే ఆటోమేటిక్ కార్లు మాత్రమే చూస్తాడు, వాటిల్లోనూ ముసలివే. కొత్త కారు ఎవరైనా తెస్తే, "దీనికింకా పాలపళ్లు కూడా ఊడలేదు, నా దగ్గరికెందుకండీ" అని వెనక్కి పంపేస్తాడు.

ఆయన మా అమ్మ చెల్లెలి భర్త. నా ఉద్యోగం వాళ్లింటికి దగ్గర కావడంతో నేను అక్కడే ఉంటున్నాను. మేడ మీద కాపురం, కింద రెండు గదులు. ఒకటి ఆయన షెడ్డు, పక్కది మా పిన్ని లాండ్రీ దుకాణం. ఒక గదిలో బట్టలకి మరకలు అంటుతాయి, రెండో గదిలో పోతాయి. వాళ్లిద్దరూ అలా సర్దుకుపోయారు.

బాబాయికి ఒక సిద్ధాంతం ఉంది. గేరుబాక్సుకి సిగ్గెక్కువ అంటాడు. ఇంటిదగ్గర ఎగిరెగిరి పడే కారు, మెకానిక్కు షెడ్డు గుమ్మం దాటగానే నోట్లో వేలు పెడితే కొరకలేనంత అమాయకంగా మారిపోతుంది. పాత కారున్న ప్రతివాళ్లకీ ఇది అనుభవమే. మిగతా మెకానిక్కులైతే "ఈసారి వచ్చినప్పుడు తీసుకురండి" అంటారు. దొంగ మళ్లీ వచ్చినప్పుడు కబురు పెట్టమన్నట్టు ఉంటుంది ఆ సలహా. బాబాయి అలా అనడు. మారువేషం వేస్తాడు.

ముందు మామూలు పరీక్షలన్నీ చేస్తాడు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. బండిని కాసేపు తిప్పి వేడెక్కనిచ్చి, చదునైన చోట ఆపి, ఇంజను ఆడుతుండగానే గేరు నూనె కొలిచే పుల్ల పైకి లాగి తెల్లగుడ్డకి అద్దుతాడు. నూనె దానిమ్మ గింజ రంగులో ఉంటే మంచిది. టీ డికాషన్ రంగుకి తిరిగి మాడు వాసన వేస్తే లోపల పలకలు కాలిపోతున్నట్టు. నురగ కట్టిందంటే ఎవరో తెలివైనవాడు అవసరానికి మించి పోశాడన్నమాట. తర్వాత బండి కింద అట్టముక్క పరిచి ఎక్కడైనా కారుతోందేమో చూస్తాడు. బ్రేకు తొక్కిపట్టి గేరు వేసి, బండికి ఆ సంగతి ఎంతసేపటికి తెలుస్తుందో గమనిస్తాడు. ఇవన్నీ అయినా రోగం బయటపడకపోతే అప్పుడు పక్క గదికి వినపడేలా, "ఒక చొక్కా ఇవ్వవోయ్" అంటాడు.

మారువేషమంటే మీసాలూ గడ్డాలూ కాదు. మామూలు మనిషి వేషం. గోళ్ల సందుల్లో మడ్డి పోయేదాకా బట్టల సబ్బుతో తోముకుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేత్తో కూరగాయల సంచీ పట్టుకుని కారుగలవాళ్ల ఇంటికి చుట్టంలా వెళ్తాడు. వెనక సీట్లో కూర్చుంటాడు. ఇక కార్లో ఎవరూ గేరన్న మాట ఎత్తకూడదు. ఏదో పనిమీద వెళ్తున్నట్టు ఇంటి సంగతులు మాట్లాడుకుంటూ పోవాలి. ఆయన కూడా ఆ కబుర్లలో కలుస్తూనే నడుంతో వింటుంటాడట. చెవులు అబద్ధం వింటాయి గానీ నడుం వినదని ఆయన నమ్మకం.

నటన మాత్రం ఘోరం. బయట వాన దంచికొడుతుంటే, "ఎండ బాగా కాస్తోందండీ ఇవాళ" అంటాడు, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు. కూరగాయలు ఎక్కడ కొన్నారని అడిగితే తడబడి మందుల షాపు పేరు చెబుతాడు.

పైగా ఆ ఇస్త్రీ చొక్కాలు ఆయనవి కావు. పిన్ని దుకాణానికి ఉతకడానికి వచ్చినవి. ఒకసారి ఒక బ్యాంకు మేనేజరుగారి కార్లో ఇలాగే చుట్టమై కూర్చున్నాడు. మేనేజరుగారు పైనున్న అద్దంలో చూసుకుంటే తన నీలంగళ్ల చొక్కా వెనక సీట్లో కూర్చుని సంచీలో వంకాయలు సర్దుకుంటోంది. ఆయన చూపు రోడ్డు మీద సగం, చొక్కా మీద సగం అయిపోయి, బండిని జాగ్రత్తగా నడపాలన్న సంగతే మర్చిపోయాడు. సరిగ్గా అప్పుడు గేరు జారింది. ఇంజను గీపెట్టింది, బండి మాత్రం ముందుకి పోలేదు. "దొరికింది" అన్నాడు బాబాయి. "నాక్కూడా దొరికింది" అన్నాడు మేనేజరు, బండి పక్కకి తీసి ఆయన కాలరు పట్టుకుని.

ఇంకోసారి ఒక సంగీతం టీచరు వచ్చింది. వాళ్ల కారు, ఆవిడ అత్తగారు ఎక్కినప్పుడు మాత్రమే రివర్సు గేరులో ఇరుక్కుంటోంది. అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు, అత్తగారు లేకుండా పరీక్ష చెయ్యనన్నాడు. తీరా చూస్తే గేరుబాక్సుని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ విరిగింది. వెనక సీట్లో బరువు పడగానే బాక్సు పక్కకి ఒరిగి గేరు తీగ బిగుసుకుంటోంది. రబ్బరు మార్చగానే కారు బాగైపోయింది. తప్పు అత్తగారిది కాదు, రబ్బరుదని తేలడంతో ఆ టీచరు మొహం చిన్నబోవడం నేను కళ్లారా చూశాను.

ఇన్ని చేసినా బాబాయి నోటినుంచి ఎప్పుడూ తప్పుడు మాట రాలేదు. వేషం అబద్ధమే గానీ తీర్పు నిజం చెబుతాడని ఆయనకి పేరు. ఆ పేరు ఒక్కసారి మాత్రం ఆయన పీకలమీదికి వచ్చింది. అదీ సొంత మామగారి వల్ల.

మా తాతయ్య, అంటే పిన్నికి నాన్న, జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే "రైట్" అంటాడు. సందులో నడుస్తున్నా మలుపు దగ్గర కుడిచెయ్యి బయటికి చాపుతాడు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆ కాలికి విశ్రాంతి ఇవ్వకపోతే కర్ర పట్టుకోవలసిందేనని డాక్టరు చెప్పాడు. అప్పుడు మా పెద్దమావయ్య, అంటే పిన్నికి అన్నయ్య, తన పాత ఆటోమేటిక్ కారు తెచ్చి తాతయ్యకి ఇచ్చాడు. క్లచ్ లేని కారు. ఎడమకాలికి దాంట్లో అసలు పనే లేదు.

తాతయ్య మొదట్లో ఆ కారుని చులకనగా చూశాడు. "గేరు మనిషి వెయ్యాలి గానీ బండి వేసుకోవడమేమిటి, అన్నం కంచం దానంతట అదే తినేసినట్టు" అన్నాడు. తర్వాత మనసు పడ్డాడు. పొద్దున్నే తయారై, డిపోలో తనతో పనిచేసిన పాత కండక్టర్నీ ఇంకొందరు ముసలాళ్లనీ ఎక్కించుకుని టీకొట్టుకి తీసుకెళ్లేవాడు. దగ్గరిదారి ఉన్నా పాత బస్సు రూట్లోనే పోయేవాడు, ప్రతి స్టాపులోనూ ఆగేవాడు. వచ్చేటప్పుడు పిన్ని ఇస్త్రీ చేసిన బట్టల మూటలు ఇళ్లకి అందించేవాడు. పిన్ని మాటల్లోనే చెప్పాలంటే, ఆ తాళంచెవి జేబులో ఉన్నంతసేపే ఆయన మాకు తాతయ్య, లేకపోతే గోడకి పెట్టిన కుర్చీ.

ఆ కారుకి జబ్బు చేసింది. చక్కగా పోతున్నది పోతున్నట్టే, నడిరోడ్డు మీద ఉన్నట్టుండి గోడని గుద్దుకున్నట్టు కుదిపి ఆగబోయేది. మళ్లీ ఏమీ ఎరగనట్టు ముందుకి పోయేది. ఎందుకో, ఎప్పుడో ఎవరికీ అంతుచిక్కలేదు. టీకొట్టు దగ్గర తలొక వైద్యం చెప్పారు. ఒకాయన నూనె మార్చమన్నాడు, ఇంకొకాయన నూనె మార్చడం వల్లే వచ్చిందన్నాడు. పాత కండక్టరు మాత్రం ఎవరో దిగుతామని గంట కొట్టి ఉంటారన్నాడు.

ఒకరోజు అలా కుదిపి ఆగినప్పుడు వెనకనుంచి బన్నుల వ్యాను వచ్చి గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బంపరు సొట్టపోయింది, కారు డిక్కీ మీదంతా బన్నులు. తాతయ్య దిగి, వ్యాను డ్రైవరుకి బండ్ల మధ్య ఉంచవలసిన దూరం గురించి క్లాసు పీకి, ఒక బన్ను తింటూ ఇంటికొచ్చాడు. ఆయనకి అది పెద్ద విషయంగా తోచలేదు. విషయం తెలిసి పరుగెత్తుకొచ్చిన పెద్దమావయ్య మాత్రం బంపరు మీది సొట్టని తడిమి తడిమి చూశాడు.

"బావగారూ, ఆదివారం వస్తాను" అన్నాడు మావయ్య బాబాయితో. "ఈలోగా జబ్బేమిటో తేల్చి బాగుచెయ్యండి. లేదంటే బండి పాత సామాన్ల కొట్టుకి, నాన్న ఇంట్లో. ఇక దీనిమీద చర్చ లేదు."

తాతయ్య తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుని, జేబుమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

బాబాయి పరీక్షలు మొదలుపెట్టాడు. నూనె దానిమ్మ గింజలా నిగనిగలాడుతోంది. మాడు వాసన లేదు. అట్టముక్క మీద చుక్క పడలేదు. గేరు వెయ్యగానే బండి చెప్పినమాట వింటోంది. బాబాయి స్వయంగా నడిపాడు, కుదుపు లేదు. పిన్ని నడిపింది, లేదు. తాతయ్య నడుపుతుంటే బాబాయి పక్కన కూర్చున్నాడు. తాతయ్య ఇన్‌స్పెక్టరు ఎక్కిన బస్సు నడిపినట్టు ఒళ్లు బిగబట్టి నడిపాడు, అప్పుడూ లేదు.

"సిగ్గుపడుతోంది" అని తేల్చాడు బాబాయి. "ఒక చొక్కా ఇవ్వవోయ్."

పిన్ని నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. "మా నాన్నకి మీరెవరో తెలియదా? మారువేషం ఎవరికోసమండీ?"

"మామగారికి తెలిస్తే ఏం? కారుకి తెలియకపోతే చాలు" అన్నాడు ఆయన.

అలా మేం నలుగురం బయల్దేరాం. తాతయ్య స్టీరింగు దగ్గర, పక్కన పిన్ని, వెనక నేనూ, ఎవరిదో గులాబీరంగు చొక్కాలో బాబాయీ. ఆయన ఒళ్లో టొమాటోల సంచీ.

"అల్లుడుగారూ, ఇదేం అవతారం?" అన్నాడు తాతయ్య అద్దంలో చూసి.

"నేను అల్లుణ్ని కాదండీ. కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోతున్న మనిషిని."

"మా కార్లో ఎందుకెక్కావు మరి?"

దీనికి జవాబు బాబాయి ఆలోచించుకుని రాలేదు. "ఎండ బాగా కాస్తోందండీ" అన్నాడు.

చాలాసేపు తిరిగాం. నలుగురం కబుర్లు చెప్పుకోవాలి గనక ఎవరికీ ఒక్క కబురూ గుర్తురాలేదు. పిన్ని రోడ్డు పక్క బోర్డులు చదువుతోంది. కారు వెన్నలో కత్తిలా పోతోంది. ఇలాగైతే ఆదివారం రానే వస్తుంది, జబ్బు మాత్రం బయటపడదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరూ అంటారు, ఆ రోజు మాత్రం అది పనికొచ్చింది.

"పిన్నీ, నీ చిన్నప్పుడు తాతయ్య నిన్ను బస్సు స్టాపులో మర్చిపోయాడట కదా, నిజమేనా?" అన్నాను.

మా ఇంట్లో ఆ గొడవకి వయసు నాకంటే ఎక్కువ. ఎవరైనా అగ్గిపుల్ల చూపిస్తే చాలు.

"మర్చిపోలేదు" అన్నాడు తాతయ్య వెంటనే. "బస్సు టైమైంది, తీశాను."

"విన్నావా? కన్నకూతురికంటే టైము ఎక్కువ" అంది పిన్ని.

"నువ్వు కుక్కపిల్ల కోసం దిగావు. దిగుతున్నానని కండక్టరుకి చెప్పావా?"

"ఆరేళ్లదాన్ని నాన్నా."

"ఆరేళ్లయితే హాఫ్ టికెట్టు. టికెట్టున్న ప్రతివాళ్లూ చెప్పి దిగాలి."

"నేను రోడ్డు మీద ఏడుస్తూ కూర్చున్నాను."

"నాకేం తెలుసు? బండి ఫుల్ లోడు. ఎదర ఎక్కుడు దారి. ఇంజను మూలుగుతోంది. రెండులోంచి మూడుకి వేద్దామని..."

ధన్‌మని కుదిపింది. నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. బాబాయి ఒళ్లోని సంచీ ఎగిరి టొమాటోలన్నీ కార్లో చెల్లాచెదురయ్యాయి. అదృష్టం కొద్దీ వెనక బండ్లేవీ లేవు.

"అదిగో, చూశారా" అన్నాడు తాతయ్య విజయగర్వంతో. "ఇదే రోగం." అని ఊరుకోకుండా, "అయినా వెనక్కి వచ్చానా లేదా? సర్వీసు మొత్తం మీద బస్సు వెనక్కి తిప్పింది ఆ ఒక్కసారే" అన్నాడు.

"వచ్చారు, కానీ దిగలేదు. నన్ను ఎత్తుకురమ్మని కండక్టర్ని పంపారు."

"డ్రైవరు సీటు వదలకూడదు. రూలు."

మళ్లీ ధన్‌మంది. ఈలోగా బాబాయి కూరగాయల మనిషి పాత్రలోనే ఉండి, టొమాటోలు ఏరుకోవడానికి కింద దూరాడు. ఆయన తల తాతయ్య సీటు కిందకి పోయింది, నడుం నా ఒళ్లో ఉంది. చాలాసేపు పైకి రాలేదు. కారు మూడోసారి కుదిపాక మెల్లగా లేచి కూర్చున్నాడు. చేతిలో చితికిన టొమాటో, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"దొరికిందా?" అంది పిన్ని వెనక్కి తిరిగి.

"ఆఁ. టొమాటో" అన్నాడు.

ఇంటికొచ్చాక తాతయ్యని మేడమీదికి పంపి, షెడ్డు తలుపు దగ్గరికి వేసి మాకిద్దరికీ చెప్పాడు. గేరుబాక్సు బంగారం. దానికి ఏ జబ్బూ లేదు. తాతయ్య మాటల్లో పడగానే చెవులు మాత్రం ఇంజను వింటుంటాయి. అది గొంతు పెంచి గేరు మారబోయే క్షణానికి ఆయన ఎడమకాలు దానంతట అది లేచి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ క్లచ్ తొక్కుతుంది. ఆ కార్లో క్లచ్ ఎక్కడిది? అక్కడున్నది వెడల్పాటి బ్రేకు పెడలు. పాత బస్సు క్లచ్‌ని తొక్కినంత బలంగా బ్రేకుని తొక్కుతున్నాడు, అదీ సరిగ్గా గేరు మారే వేళకి. అందుకే అందరికీ గేరుబాక్సు తన్నినట్టు అనిపిస్తోంది. పక్కన మెకానిక్కు ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతాడు గనక కాలు కదలదు.

"అంటే సిగ్గు కారుకి కాదన్నమాట" అన్నాను. బాబాయి ఆ మాట వినిపించుకోలేదు. సిద్ధాంతం ఊడిపోవడం ఎవరికైనా కష్టమే.

నాకు నవ్వు ఆగలేదు. "ఆడలేక మద్దెల..." అనబోయాను. పిన్ని చూసిన చూపుకి మిగతా సామెత గొంతులోనే ఉండిపోయింది. ఆవిడ కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి.

"అన్నయ్యకి తెలిస్తే ఇవాళే తాళం లాక్కుంటాడు" అంది. "నాన్నకి చెబితే ఆయనే తీసి చేతిలో పెడతారు. సర్వీసులో బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి. తనవల్లే వ్యాను గుద్దిందని తెలిస్తే మళ్లీ స్టీరింగు ముట్టుకోరు. గేరుబాక్సు పోయిందని చెబితేనో, బండి తుక్కుకి పోతుంది. అసలు చెప్పకుండా ఊరుకుంటే ఏం?"

"ఊరుకోవడం మాత్రం కుదరదు" అన్నాడు బాబాయి. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఈసారి వెనకొచ్చేది బన్నుల వ్యాను కాకపోవచ్చు. రోడ్డు దాటుతూ ఎవరి పిల్లలైనా ఉండొచ్చు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ మధ్యాహ్నమంతా బాబాయి తాతయ్య కార్లో డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇంజను పెట్టలేదు. ఉన్నచోటనే కూర్చుని ఎడమకాలు ఎత్తుతాడు, దించుతాడు. దారినపోయే ఒకాయన ఆగి, కాలు తిమ్మిరెక్కితే బొటనవేలు లాగమని చెప్పి వెళ్లాడు.

చివరికి కారు దిగి ఎటో వెళ్లి, తుక్కు కొట్లోంచి ఒక పాత వ్యాను క్లచ్ పెడలు పట్టుకొచ్చాడు. రబ్బరు తొడుగు అరిగి నున్నగా ఉంది. పిన్ని ఇస్త్రీబల్ల కిందనుంచి ఒక స్ప్రింగు ఊడదీశాడు. ఆవిడ చూసింది. ఆ పూటకి బల్ల కింద ఇటుకలు పెట్టుకుంది. బాబాయి కారు కింద దూరి, పైకి లేచి, మళ్లీ దూరి వెల్డింగు చేశాడు. బ్రేకు పెడలు ఎడమవైపు సగం కోసేసి కుడికాలికి సరిపడా ఉంచాడు. కోసినచోటికి కాస్త ఎడంగా ఈ పాత పెడలు బిగించాడు.

నేను వంగి చూశాను. దానికి తీగ లేదు, కడ్డీ లేదు, గేరుబాక్సుతో సంబంధమే లేదు. వెనక ఇస్త్రీబల్ల స్ప్రింగు ఒక్కటే ఉంది.

"దీన్ని తొక్కితే ఏమవుతుంది బాబాయ్?" అన్నాను.

"ఏమీ అవదు."

"మరి ఎందుకిది?"

"తొక్కడానికి" అన్నాడు.

తాతయ్యకి కొత్త భాగం వేశామని మాత్రం చెప్పాం. ఆయన కూర్చుని, ఎడమకాలితో దాన్ని ఒకసారి నొక్కి వదిలాడు. ఇదేమిటని అడగలేదు. ఆదివారం వచ్చేలోగా మేం ఆయన్ని ఖాళీ రోడ్ల మీద తెగ తిప్పాం. బాబాయి మారువేషం మానేశాడు గానీ మేం కొట్లాటలు మానలేదు. కుక్కపిల్ల సంగతి అరిగిపోతే పిన్ని ఇంకేవో పాతవి తవ్వింది. ఎంత గొడవైనా కారు ఒక్కసారి కూడా కుదపలేదు. ఇంజను గొంతు పెరగగానే తాతయ్య కాలు లేచి, ఆ పనిలేని పెడలు తొక్కి, పని చేసినట్టే వెనక్కి వచ్చేది.

ఆదివారం పెద్దమావయ్య వచ్చాడు. చెప్పుల్లోంచి కాళ్లు తియ్యకుండానే, "ఏం తేలింది బావగారూ?" అన్నాడు. బాబాయికి అబద్ధం నోట రాదు, నిజం చెబితే తాళం పోతుంది.

"ఎడమవైపు ఒక భాగం లేకపోయింది బావగారూ" అన్నాడు బాబాయి. "వేశాను."

"ఏ భాగం?"

"నడుస్తుంటే మీకే తెలుస్తుంది. ఎక్కండి."

మావయ్య ముందు కూర్చున్నాడు, మేం ముగ్గురం వెనక. రోడ్డెక్కాక నేను ఆయన చిన్నప్పుడు డిపోలో బస్సు హారను పాడుచేసిన కథ ఎత్తాను. పాడుచేసింది తను కాదన్నాడు మావయ్య. నువ్వేనన్నాడు తాతయ్య. ఇద్దరికీ గొంతులు లేచాయి. ఎక్కుడు దారి వచ్చింది, ఇంజను మూలిగింది, తాతయ్య ఎడమకాలు కిందికి దిగింది. బండి మెత్తగా గేరు మార్చుకుని ముందుకి పోయింది.

మావయ్య చూపు కిందికి పోయింది. కాలు మళ్లీ లేచి మళ్లీ దిగింది. ఈసారి ఆయన పెడలు వంక చూశాడు, చిన్నదైన బ్రేకు వంక చూశాడు, తర్వాత అద్దంలో బాబాయి వంక చూశాడు. మా మావయ్య తెలివితక్కువవాడు కాదు. క్లచ్ లేని కారని ఎంచి తాతయ్యకి తెచ్చి ఇచ్చింది ఆయనే.

"బావగారూ, అది..." అన్నాడు.

"ఎండ బాగా కాస్తోందండీ" అన్నాడు బాబాయి. బయట నిజంగానే ఎండ కాస్తోంది, అయినా పాఠం అప్పజెప్పినట్టే అన్నాడు.

మావయ్య తల తిప్పుకుని కిటికీలోంచి ఎండ వంక చూశాడు. తిరిగి ఇంటిముందు ఆగాక దిగి, తాతయ్య వైపు తలుపు దగ్గరికి వెళ్లి, "బండి బాగానే ఉంది నాన్నా. మెల్లగా నడుపుకో" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముక్కు ఎర్రగా ఉంది. పిన్ని ఆయన్ని టీ తాగి వెళ్లమని మేడమీదికి లాక్కెళ్లింది.

తాతయ్య మాత్రం దిగలేదు. రెండుచేతులూ స్టీరింగు మీద పెట్టుకుని రోడ్డు వంక చూస్తున్నాడు.

"అల్లుడుగారూ, ఇలా రండి" అన్నాడు.

బాబాయి వెళ్లి కిటికీ దగ్గర వంగాడు. వెనక నేను.

"ఈ పెడలుకి అవతల ఏమీ తగిలించలేదు కదూ."

బాబాయి ఎండ గురించి చెప్పబోయి ఆగిపోయాడు. నేల చూపులు చూస్తూ, "లేదు మామగారూ" అన్నాడు.

తాతయ్య తలాడించాడు. తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. చెయ్యి తాళంచెవి మీదికి వెళ్లింది. ఇప్పుడు తీసి బాబాయి చేతిలో పెట్టేస్తాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది, అంతసేపు నవ్విన నాకే.

"అయితే స్ప్రింగు కొంచెం బిగించండి" అన్నాడు తాతయ్య. "ఇంత తేలిగ్గా ఉంటే కాలు నమ్మడం లేదు."